అసలు, వడ్డీ, ఒక అశ్రునివాళి

(కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో ఒక పెంకుటింటి వసారా. పడక్కుర్చీలో లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన అన్నయ్య, ఎదురుగా అరుగు మీద తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేసిన చెల్లెలు. ఇద్దరూ ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల తప్పులు దిద్దినవాళ్ళు కనుక, ఒకరి మాటను ఒకరు దిద్దకుండా విడిచిపెట్టరు. అన్నయ్యగారి భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆబ్దికం నాడు పత్రికలో వేయించవలసిన ప్రకటన ఆయన చేతిలో ఉంది.)

అన్నయ్య: శ్రద్ధగా విను, మధ్యలో అడ్డు రాకు. "భర్త మాట ఏనాడూ జవదాటని సాధ్వీమణి, పతిసేవే పరమావధిగా 58 ఏళ్ళు కాపురం చేసిన గృహలక్ష్మి..."

చెల్లెలు: అడ్డు రాను కానీ, ఇది ఎవరిని గురించి రాశావో అది ఒక్కటీ చెప్పు.

అన్నయ్య: మీ వదినను గురించి కాక మరెవరిని గురించి రాస్తాను?

చెల్లెలు: అయితే మొదటి వాక్యమే కొట్టెయ్యి. వదిన నీ మాట జవదాటబట్టే కదా 1986 వరదలో మనందరం అన్నం తిన్నాం! ఆగస్టు నెలలో గోదావరి పొంగి ఊరంతా గగ్గోలు పెడుతుంటే, నువ్వు ఈ గోడ మీదే సుద్దముక్కతో గీతలు గీసి, నీరు గంటకు ఇన్ని అంగుళాల చొప్పున పెరిగితే మన గడప చేరడానికి ఇంకా పదకొండు గంటలు పడుతుందని తేల్చి, ఎవరూ సామాను కదపవద్దని ఆజ్ఞాపించి పడుకున్నావు. నువ్వు గుర్రు పెట్టేలోగా ఆవిడ బియ్యం బస్తా, చింతపండు కుండ, కిరసనాయిలు పొయ్యి అటక ఎక్కించింది. నాలుగో గంటకు నీ మంచం తేలింది.

అన్నయ్య: నా లెక్కలో తప్పు లేదు. గట్టుకు రెండో గండి పడుతుందన్న దత్తాంశం నాకు ఎవరూ ఇవ్వలేదు. పోనీ, "సాధారణంగా జవదాటని" అని మార్చనా?

చెల్లెలు: "సాధారణంగా" అన్నావంటే చదివినవాళ్ళు అసాధారణంగా ఏం చేసిందా అని ఆరా తీస్తారు. పైగా పత్రికవాళ్ళు సెంటీమీటర్ల లెక్కన వసూలు చేస్తారు. తరువాతి వాక్యం చదువు.

అన్నయ్య: "1967 మొదలు 2015 దాకా అయిదు గోదావరి పుష్కరాలలో, భర్త వెంట నడిచి, కొంగుముడితో పుణ్యస్నానం ఆచరించిన..."

చెల్లెలు: ఎవరి వెంట ఎవరు నడిచారు? 1967లో ముక్తేశ్వరంలో పంటు ఎక్కి కోటిపల్లి రేవుకు వెళ్ళినప్పుడు నేనూ మీతోనే ఉన్నాను. కాలికి బురద తగులుతోందని నువ్వు మూడో మెట్టు మీద నిలబడి, నెత్తిన చల్లుకున్నా పుణ్యం సమానమేనని వాదిస్తున్నావు. వదిన తన కొంగును నీ కండువాకు ముడివేసి, ఇంకేమీ మాట్లాడకుండా మునిగింది. నువ్వు మునగలేదు అన్నయ్యా, ఆ ముడి నిన్ను ముంచింది.

అన్నయ్య: అయిదు పుష్కరాలూ అలాగే ముంచింది. ఆ మాటకు వస్తే, తలంటు దగ్గర కూడా ఆవిడది అదే పద్ధతి.

(కొంతసేపు నిశ్శబ్దం. వీళ్ళిద్దరి మధ్య నిశ్శబ్దం అరుదైన వస్తువు కనుక ఇక్కడ నమోదు చేస్తున్నాను.)

అన్నయ్య: ఈ వాక్యానికి మాత్రం నువ్వు వంక పెట్టలేవు. "మనవల పాలిట అన్నపూర్ణ."

చెల్లెలు: దీనికి వంక పెట్టను.

అన్నయ్య: డల్లాసులో మనవడు అన్నం తినడం లేదని కోడలు బాధపడితే, రోజూ మనకు ఉదయం ఆరు గంటలకు, అంటే వాడి రాత్రి భోజనం వేళకు, ఆవిడ ఇక్కడ పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, ఒక్కొక్క ముద్దా ఫోను ముందు గుండ్రంగా తిప్పి చూపిస్తూ "ఇది ఏనుగు ముద్ద, ఇది గుర్రం ముద్ద" అనేది. వాడు అక్కడ నోరు తెరిస్తే కోడలు గబుక్కున పెట్టేసేది. ఇక్కడి ముద్ద పారెయ్యకూడదు కదా, అది నా నోట్లోకి వచ్చేది. పళ్ళయినా తోముకోనివ్వకుండా ఏనుగునూ గుర్రాన్నీ నాకు తినిపించింది. ఆ ఏడాది వాడి కంటే నేనే ఎక్కువ బరువు పెరిగాను.

చెల్లెలు: అది రాయి అన్నయ్యా. "గృహలక్ష్మి" కొట్టేసి అది రాయి.

అన్నయ్య: పత్రికలో ఏనుగు ముద్ద బాగుండదు. ఇక చివరి వాక్యం. "1996 తుపాను అనంతరం మా కుటుంబాన్ని ఆదుకున్న ముక్తేశ్వరం మామ్మగారికి ఈ సందర్భంగా కృతజ్ఞతలు."

(చెల్లెలికి పొలమారింది. మంచినీళ్ళు తాగినా తగ్గలేదు, ఎందుకంటే అది దగ్గు కాదు.)

అన్నయ్య: ఇందులో నవ్వవలసినది ఏముంది? దీపావళికి నాలుగు రోజుల ముందు, నవంబరు 6 రాత్రి, ఒక్క గాలికి మన కొబ్బరి చెట్లన్నీ అగ్గిపుల్లల్లా పడిపోయాయి. మళ్ళీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అప్పుడు మీ వదిన ముక్తేశ్వరం వెళ్ళి, ఆ మహాతల్లి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చింది. ఆవిడ మడి మనిషి, పరాయి మగవాళ్ళ ఎదుటికి రాదట. నెలనెలా రెండు వందలు మీ వదిన చేతికే ఇచ్చేవాణ్ణి. ఈ ఏడాదిగా వడ్డీ అడగడానికి ఎవరూ రాలేదు. అయినా పన్నెండు నెలలదీ, 2,400 రూపాయలు, కవరులో పెట్టి ఉంచాను.

చెల్లెలు: ఆ మామ్మగారికి అప్పుడు ఎంత వయస్సు అన్నయ్యా?

అన్నయ్య: డెబ్బై అని చెప్పింది. అంటే ఇప్పుడు... తొంభై తొమ్మిది.

చెల్లెలు: సరే, మరో లెక్క చెయ్యి. 2016 నవంబరు 8 రాత్రి, అయిదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని టీవీలో చెప్పగానే, వదిన తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళి ఆవాల డబ్బా తెచ్చింది. గుర్తుందా?

అన్నయ్య: ఎందుకు గుర్తు లేదు? మామ్మగారు దాచమని ఇచ్చిన సొమ్మట. 95 అయిదువందల నోట్లు. బ్యాంకు ముందు రెండు రోజులు నిలబడి, మీ వదిన ఖాతాలో నేనే కట్టి వచ్చాను. ఎంత నమ్మకం ఆవిడకు మన మీద!

చెల్లెలు: 1997 జనవరి నుంచి ఆ నవంబరు దాకా ఎన్ని నెలలు? నెలకు రెండు వందల చొప్పున ఎంత?

(అన్నయ్య అలవాటు చొప్పున సుద్దముక్క తీసి గోడ వైపు తిరిగారు. 239 నెలలు. 47,800. దాని కింద, 95 నోట్లు, 47,500. తేడా 300.)

అన్నయ్య: లెక్క సరిపోవడం లేదు. మూడు వందలు తక్కువ వస్తోంది.

చెల్లెలు: వంద నోట్లు రద్దు కాలేదు కనుక ఆ మూడూ డబ్బాలోనే ఉండిపోయాయి.

(సుద్దముక్క కింద పడింది.)

అన్నయ్య: అయితే ఆ పదివేలు ఎక్కడివి?

చెల్లెలు: నువ్వు బడికి వెళ్ళాక కొబ్బరి ఈనెలతో చీపుళ్ళు కట్టి సంతకు పంపేది.

అన్నయ్య: అవి మన ఇంటి వాడకానికి అనుకున్నాను!

చెల్లెలు: ఏడాదికి మూడు వందల చీపుళ్ళతో ఊడ్వడానికి ఇదేమైనా కోటిపల్లి గుడి ప్రాంగణమా?

అన్నయ్య: చక్రవడ్డీ పాఠం తాలూకాలో నాకంటే బాగా చెప్పినవాడు లేడు. నా ఇంట్లో, నా భార్య, నాకే వడ్డీకి ఇచ్చిందా? నన్ను అడిగితే ఊరికే ఇచ్చెయ్యవచ్చు కదా!

చెల్లెలు: ఊరికే ఇస్తే నువ్వు మళ్ళీ రూపాయి దాచేవాడివా? అప్పు ఉందన్న భయంతోనే కదా పేకాట మానేశావు.

అన్నయ్య: నీకు ఇవన్నీ ముందే తెలుసన్నమాట. ఆ బ్యాంకులో కట్టిన సొమ్ము ఏమైంది?

చెల్లెలు: (కళ్ళజోడు తీసి, ఎడమకన్ను చూపిస్తూ) ఇదిగో. 2017లో శుక్లం తీయించుకుంటే నా కొడుకు పంపిన డబ్బులతో అనుకున్నావు కదా!

అన్నయ్య: అంటే, ఇంతసేపటి నుంచి నా ప్రకటనలో తప్పులు పట్టుకుంటున్న ఆ కన్ను నాదా?

చెల్లెలు: వదినది. ఆ కవరు ఇలా ఇవ్వు. కుడికన్నుకు వచ్చే నెల రమ్మన్నారు.

అన్నయ్య: రసీదు ఇస్తావా?

చెల్లెలు: మామ్మగారు ఏనాడైనా ఇచ్చిందా?

(అన్నయ్య కవరు ఇచ్చారు. కాగితం తీసుకుని, సాధ్వీమణిని కొట్టేశారు, గృహలక్ష్మిని కొట్టేశారు, చాలాసేపు ఆలోచించి అడుగున ఒక్క వాక్యం రాశారు.)

అన్నయ్య: వడ్డీ అంతా కట్టాను కానీ అసలు అలాగే ఉండిపోయింది. అందుకని "ఇట్లు, బాకీ తీరని భర్త" అని రాశాను. దీనికైనా ఒప్పుకుంటావా?

చెల్లెలు: "తీరని" అంటే దాని పాపాన అది తీరలేదని అర్థం వస్తుంది. "తీర్చని" అని దిద్దు. ఒక్క వత్తే కదా, సెంటీమీటరు పెరగదు.