అమ్మిన ఆర్‌ఎక్స్‌ను వెనక్కి అడిగే హక్కు ఎవరికీ లేదు

పాత బండి అమ్మేసి ఆరు నెలలు తిరక్కుండానే కొన్నవాడికి ఫోన్ చేసి, ‘నీ డబ్బులు నీకిచ్చేస్తా, నా బండి నాకిచ్చెయ్’ అని అడిగేవాళ్లు ఈ మధ్య తరచూ తగులుతున్నారు. యమహా ఆర్‌ఎక్స్ 100 కావచ్చు, యెజ్డీ రోడ్‌కింగ్ కావచ్చు, పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ కావచ్చు, కథ ఒకటే. నాన్న నడిపిన బండి, పెళ్లిచూపులకు వెళ్లిన బండి, మొదటి జీతంతో కొన్న బండి. వినేవాళ్లంతా అమ్మినాయన వైపే. కొన్నవాడు ఇవ్వనంటే మనసు లేనివాడన్న పేరు కూడా పడుతుంది. నేను మాత్రం కొన్నవాడి వైపు.

ఈ బళ్లకు గిరాకీ ఎందుకో తెలిసిందే. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 1996లో ఆగిపోయింది. జావా, యెజ్డీ బళ్లు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ కూడా ఆ ఏడాదే మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్లీ వచ్చాయి గానీ అవి ఫోర్ స్ట్రోక్ బళ్లు. పాత టూ స్ట్రోక్ శబ్దం కావాలంటే పాత బండే కొనాలి.

అసలు ఈ బాధ ఎప్పుడు మొదలవుతుందో గమనించండి. బండి గడప దాటిన రోజు కాదు. ఆ రోజు వసారాలో జాగా ఖాళీ అయిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కొన్నవాడు ఇంజిన్ విప్పించి, అరిగిన సిలిండర్‌ను బోరు చేయించి, ట్యాంకులో తుప్పు వదిలించి, పెయింట్ వేయించి ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడే, అప్పుడు మొదలవుతుంది. దానికి ఎవరో లక్షన్నర ఇస్తామన్నారని చెవిన పడితే ఇక నిద్ర పట్టదు.

ఆ లక్షన్నరలో అమ్మినాయన కష్టం ఎంత? బండి ఏళ్ల తరబడి గోనెపట్టా కింద పడి ఉంది. సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. ఆర్‌సీకి 15 ఏళ్లు నిండినా రెన్యువల్ చేయించిన పాపాన పోలేదు. ధర పుట్టింది మెకానిక్ షెడ్డులో. ప్లాటినం పాయింట్ల గ్యాప్ సరిచేసే చెయ్యి, కార్బురేటర్ శబ్దం విని జబ్బు చెప్పే చెవి ఉన్న మెకానిక్‌లు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరు కూడా లేరు. అలాంటివాణ్ని వెతికి పట్టుకుని, వారాల తరబడి షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్నది కొన్న కుర్రాడు. ప్రేమ అనే మాట వాడాలంటే ఆ స్టూలు మీద కూర్చున్నవాడికి వాడాలి.

చట్టం సంగతీ చూద్దాం. చవగ్గా అమ్మేశానన్న కారణంతో బేరం రద్దు కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ వివరణలోనే ఉంది. అందులో ఇచ్చిన ఉదాహరణ భలే ఉంటుంది: వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు ఇస్తానని ఒకడు ఒప్పుకున్నాడు, ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నాడు, కాబట్టి ఆ ఒప్పందం చెల్లుతుంది. మార్కెట్ ధర తెలిసి కూడా కొన్నవాడు చెప్పలేదన్న వాదనకూ అదే చట్టం 17వ సెక్షన్‌లో జవాబుంది. మాట్లాడకుండా ఉండటం మామూలుగా మోసం కిందికి రాదు.

అన్ని బేరాలూ ఇంత సాఫీగా ఉండవని కొందరంటారు. భర్త పోయిన పదిహేను రోజులకే ఇంటికొచ్చి, ‘ఇది స్క్రాపేనమ్మా, తూకానికి తప్ప పనికిరాదు’ అని చెప్పి బండి తోలుకుపోయేవాళ్లు లేరా? ఉన్నారు. అది అబద్ధం, అబద్ధంతో రాబట్టిన ఒప్పుకోలును రద్దు చేయించుకునే దారి 19వ సెక్షన్‌లో ఉంది. ధర మరీ తక్కువైతే, ఒప్పుకోలు నిజంగా ఇష్టపూర్వకమేనా అని కోర్టు ఆ కోణంలోనూ చూడొచ్చు. అలా మోసపోయినవాళ్లకు నా సానుభూతి పూర్తిగా ఉంది. నేను మాట్లాడుతున్నది బేరమాడి, నోట్లు లెక్కపెట్టుకుని, టీ కూడా తాగించి పంపినవాళ్ల గురించి.

వీళ్ల దగ్గర చివరి అస్త్రం ఒకటుంది: ‘ఆర్‌సీ ఇంకా నా పేరునే ఉందిగా!’ ఇంతకంటే ప్రమాదకరమైన ధీమా ఇంకోటి లేదు. బండి లాంటి చరాస్తి విషయంలో అది ఎప్పుడు చేతులు మారాలని అమ్మేవాడూ కొనేవాడూ అనుకుంటారో అప్పుడే యాజమాన్యం మారుతుంది, ఆర్‌టీఓ ముద్ర కోసం ఆగదు. కానీ ఆ బండి ఎవరినైనా గుద్దితే? పరిహారం విషయంలో మాత్రం రిజిస్టర్‌లో పేరున్నవాడే ఓనర్, బాధ్యత అతనిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే ఆర్‌సీ పట్టుకుని కూర్చుంటే బండి రాదు, నోటీసు వస్తుంది. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలన్న నిబంధన అమ్మినవాణ్ని కాపాడటానికే ఉంది. బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫామ్ 29, 30 ఖాళీగా ఉండగానే సంతకాలు పెట్టేసి ‘నువ్వే చూసుకో’ అనేవాళ్లకు ఇది ఎప్పటికి ఎక్కుతుందో!

ఈ ‘నా పేరునే ఉంది’ అన్న మాట మనకు ఎక్కడి నుంచి వచ్చింది? రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి. భూమి అయితే రిజిస్ట్రేషన్ అయ్యేదాకా బేరం పూర్తయినట్టు కాదు. ఈలోపు రేటు పెరిగితే అడ్వాన్స్ వెనక్కిచ్చేసి అడ్డం తిరిగేవాళ్లను చూస్తూ పెరిగాం. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేట భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటిన రాత్రి, అటువైపు ఎప్పుడో నాలుగు గుంటలు అమ్ముకున్న ఎన్ని ఇళ్లలో కంచాల ముందు గొడవలయ్యాయో ఊహించొచ్చు. ‘తాత ఆ రోజు అమ్మకుండా ఉంటే’ అన్న వాక్యం వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. ఆ తాత ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేశాడని, కొడుకును ఇంజినీరింగ్ చదివించాడని ఎవరూ గుర్తుచేయరు. అమ్మినప్పటి అవసరాన్ని మర్చిపోయి ఇప్పటి రేటును మాత్రమే లెక్కేయడం రియల్ ఎస్టేట్ మనకు నేర్పిన చదువు. ఇప్పుడది వసారాలో బండి దాకా వచ్చింది. రేపు అమ్మమ్మ ఇత్తడి గంగాళం, తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ విషయంలోనూ ఇదే పంచాయితీ.

బండి మీద అంత మనసుంటే అమ్మేరోజే కాగితం మీద ఒక వాక్యం రాయించుకోవచ్చు: మళ్లీ అమ్మాలనుకుంటే ముందు నన్నే అడగాలి అని. ఖర్చు లేదు, నేరం కాదు. ఆ రోజు అది గుర్తు రాలేదంటే ఆ రోజు కావలసింది డబ్బే. తప్పేమీ కాదు. కానీ ముందు ముందు ఏం జరగబోతోందో కూడా చూడండి. 50 ఏళ్లు నిండి, ఇంజిన్, చాసిస్ అసలువే ఉన్న బళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ‘వీఏ’ సిరీస్ నంబరు, ఫీజు 20 వేలు. తొలి ఆర్‌ఎక్స్‌లకు ఆ అర్హత 2035లో వస్తుంది. అప్పుడు ఆ ఫీజు కట్టేదీ, నంబర్ ప్లేటు బిగించుకునేదీ ఇవాళ మనసు లేనివాడని తిట్లు తింటున్న ఆ కుర్రాడే.