మూడో బాత్రూమా, మంచం పట్టే గదా?

సెలవులకి విశాఖ ప్రయాణం ఖాయం కాగానే, ఊరికి దూరంగా ఉంటున్న మన ఇళ్లలో ఒక మాట వస్తుంది: "అమ్మానాన్నల ఫ్లాట్‌లో ఇంకో బాత్రూమ్ కట్టిద్దామా?" మూడు పడకగదులు, రెండు బాత్రూములు ఉన్న ఫ్లాట్లు ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఎన్నో ఉన్నాయి. గదికో బాత్రూముకి ఇక్కడ అలవాటుపడ్డ మనకి ఆ మూడో గది వెలితిగా కనిపిస్తుంది. గదిలో ఒక మూల నాలుగడుగులు తీసుకుంటే చాలదా అనుకుంటాం. ఎక్కువ ఫ్లాట్లలో ఆ పని చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు టేపు పట్టుకుని గది కొలవండి. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గది అనుకుందాం. బాత్రూమ్ లోపల 4 అడుగులు, గోడకి 4 అంగుళాలు, ప్లాస్టరింగూ టైల్సూ కలిపి మరో అంగుళం. గదికి మిగిలేది 7 అడుగుల 7 అంగుళాలు. డబుల్ కాట్ పొడవే ఆరున్నర అడుగులు, ఇక కాళ్ల దగ్గర నడవడానికి అడుగు జాగా. కట్టడాలకి కొలతలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇంట్లో ప్రధాన గదికి కనీసం 2.4 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. ఇది అంతకన్నా తక్కువ. స్నానానికీ టాయిలెట్‌కీ కలిపి కట్టే బాత్రూమ్ 2.8 చదరపు మీటర్లు ఉండాలి. అంటే 4 అడుగుల వెడల్పుకి ఏడున్నర అడుగుల పొడవు, అంతకన్నా తగ్గించడానికి లేదు. గది పొడవు 14 అడుగులు లేకపోతే దాన్ని ముట్టుకోవద్దు. ఉన్నా, తీసుకునే మూలలో కిటికీ ఏదో చూసుకోండి. విశాఖకి సముద్రం ఆగ్నేయాన ఉంది. తూర్పు, దక్షిణపు కిటికీ బాత్రూములోకి పోతే ఎండాకాలం సాయంత్రం గాలి పడకగదికి రాదు.

కొలత సరిపోయినా అసలు తీర్పు చెప్పేది పైపు. కొత్త బాత్రూమ్ గోడ, మురుగు పైపులు కిందికి దిగే షాఫ్ట్‌ని ఆనుకుని ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు వచ్చేదాకా టైల్స్ షాపుకి వెళ్లకండి. పాత బాత్రూముల కింద స్లాబు అడుగు, అడుగున్నర పల్లంగా పోసి ఉంటుంది, పైపులన్నీ ఆ పల్లంలో దాక్కుంటాయి. పడకగది కింద ఆ పల్లం లేదు. నేల మీది నీళ్లు దిగే నహానీ ట్రాప్‌కి కావలసిన ఎత్తు, 75 ఎంఎం పైపుకి మీటరుకి 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాటం (వాలు), పైన టైలు కింద పరిచే సిమెంటు బెడ్డింగు, టైలు కలిపితే నేల ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేస్తుంది. వాటం తగ్గించి "సర్దేద్దాం" అనే మేస్త్రి మాట వినకండి. ఆరు నెలలకే సబ్బు, వెంట్రుకలు పట్టి నీళ్లు నిలుస్తాయి.

అసలు ఈ బాత్రూమ్ ఎవరి కోసం? రాత్రి రెండు మూడుసార్లు లేచే డెబ్బై దాటిన నాన్నగారి కోసం, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కోసం. మంచం దిగిన నాలుగడుగులకి ఎనిమిది అంగుళాల మెట్టు, అవతల తడి నేల. వాళ్ల సుఖానికని కట్టి వాళ్లు పడిపోవడానికి చోటు చూపిస్తున్నాం. ర్యాంపు పోద్దామంటే అంగుళానికి అడుగు చొప్పున ఎనిమిది అడుగుల పొడవు కావాలి, గదిలో అంత లేదు. మెట్టు లేకుండా కట్టలేని బాత్రూమ్ పెద్దవాళ్ల గదిలో కట్టకూడదు.

మెట్టు వద్దనుకుంటే స్లాబుకి కన్నం పెట్టి పైపులు కింది ఫ్లాట్ సీలింగుకి వేలాడదీస్తామంటారు. మీ మురుగు పైపు ఇంకొకరి మంచం మీదుగా పోతుందన్నమాట. మన ఊళ్లో సముద్రపు గాలి స్లాబులోని ఇనుముని మామూలుగానే తినేస్తుంది, దానికి కారుడు తోడైతే పెచ్చులూడటం ఇంకా తొందరగా మొదలవుతుంది. కింది ఇంటివారు రాతపూర్వకంగా ఒప్పుకున్నా సరే, ఆ పని చెయ్యడం నాకు న్యాయంగా తోచదు.

బరువు సంగతి ఎవరూ అడగరు. 30 చదరపు అడుగుల్లో ఎనిమిది అంగుళాల ఎత్తున ఇటుక ముక్కలూ సిమెంటూ నింపితే సుమారు టన్ను. ఇళ్ల స్లాబుని మనుషులకీ సామానుకీ కలిపి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. ఈ ఫిల్లింగ్ ఒక్కటే 350 కిలోలు దాటుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు స్లాబు చూడకుండా ఇది మొదలుపెట్టకూడదు.

మరి ఏం చెయ్యాలి? పొద్దున్న ఏడింటికి ఇంట్లో క్యూ ఎందుకు కడుతున్నామో చూడండి. పళ్లు తోముకోవడం, టాయిలెట్, స్నానం, ఈ మూడు పనులూ ఒకే గొళ్లెం వెనక ఉన్నాయి. మన పెరటి ఇళ్లలో మరుగుదొడ్డీ స్నానాల గదీ వేరువేరుగానే ఉండేవి, ఆ పద్ధతిలో చాలా తెలివి ఉంది. 8 అడుగులకి 5 అడుగుల కామన్ బాత్రూమ్ ఉంటే, మధ్యలో 4 అంగుళాల ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) బ్లాకు గోడ లేపి ఇటు 3 అడుగుల టాయిలెట్, అటు నాలుగున్నర అడుగుల స్నానాల గది చెయ్యొచ్చు. వాష్ బేసిన్ బయటికి, భోజనాల బల్ల దగ్గరికి వస్తుంది. పల్లం, పైపులు ముందే ఉన్నాయి, స్లాబుకి కన్నం పడదు. అయితే ఎనిమిదడుగుల గోడ నడవా వైపు ఉండాలి. తలుపు ఐదడుగుల వైపు ఉంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాల్సి వచ్చి పని చెడుతుంది. స్నానాల వైపు నహానీ ట్రాప్ లేకపోతే పాత నేల విప్పి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాల్సిందే. మూడడుగుల టాయిలెట్‌లో రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు చేతికి అందుతాయి, అది పెద్దవాళ్లకి మేలు. చక్రాల కుర్చీ అవసరం వచ్చేలా ఉంటే మాత్రం విడగొట్టకండి. ఉన్న బాత్రూముకే 3 అడుగుల తలుపు, బయటికి తెరుచుకునేలా పెట్టించండి.

ఇంకో దారి: కామన్ బాత్రూమ్ పెద్దవాళ్ల గదిని ఆనుకుని ఉంటే ఆ గోడకి రెండో తలుపు. ఇటుక గోడైతే పైన లింటెల్ వేసి తెరవొచ్చు, కాలమ్, బీమ్ జోలికి పోకుండా. కొత్త టవర్లలో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే అచ్చులు బిగించి, పోసినవి ఉంటాయి, వాటిలో గోడలే కాంక్రీటు, భవనాన్ని మోసేవి అవే. అక్కడ ఒక్క కన్నం కూడా కుదరదు.

ఇన్ని చెప్పాక కూడా మూడో బాత్రూమ్ కట్టొచ్చనే సందర్భం ఒకటుంది. పొడవైన గది, షాఫ్ట్ గోడ పక్కనే, ఆ షాఫ్ట్‌లో గాలి పైపు ఉన్న 110 ఎంఎం మురుగు పైపు. అప్పుడు మురుగుని వెనక గోడ వైపు వదిలే పీ-ట్రాప్ కమోడ్‌ని షాఫ్ట్ గోడకే పెట్టి, 5 అంగుళాల కోర్ కటింగ్‌తో (గుండ్రంగా తొలిచే కన్నం) సూటిగా బయటికి తీయొచ్చు. స్నానం నీళ్లకి పక్క మూతి ఉన్న తక్కువ ఎత్తు ట్రాప్ అదే గోడ వారన పెడితే నేల మూడు నాలుగు అంగుళాలు లేపితే సరిపోతుంది. పిల్లలో అతిథులో వాడే గదికి అది చాలు. వాన నీటి పైపుకి మాత్రం దేన్నీ కలపనివ్వకండి. అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి కాగితం మీద తీసుకోండి.

మనం ఏడాదికి మూడు వారాలు వాడి వదిలేసే బాత్రూముకి ఇంకో బాధ ఉంది. ట్రాప్‌లో నిలిచే రెండంగుళాల నీళ్లే మురుగు వాసననీ బొద్దింకలనీ ఆపుతాయి. వాడకపోతే కొన్ని వారాల్లో అవి ఎండిపోతాయి. వారానికోసారి చెంబెడు నీళ్లు పోసి ఫ్లష్ నొక్కే మనిషిని కుదుర్చుకున్నాకే ఇటుకలు కొనండి.

పని మొదలైతే దూరం నుంచి చూడవలసినవి రెండు. టైల్స్ కింద దాగేముందు ప్రతి పైపునీ టేపు ఆనించి ఫోటో తీయించండి. వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, గోడ మీద అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగులు పడ్డాక, ట్రాప్ మూసి రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదలమనండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత, పక్కన ఆ రోజు దినపత్రిక పెట్టి మొదటిరోజూ మూడోరోజూ ఫోటోలు పంపమనండి. కింది ఇంటి సీలింగు ఫోటో కూడా వచ్చాకే మేస్త్రికి తర్వాతి వాయిదా.