టన్నుకు రెండొందలు కడితే కార్బన్ న్యూట్రల్ అయిపోతామా?

చిన్న, మధ్యతరహా పరిశ్రమల వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మాటలు అటూ ఇటూగా ఉన్నా సారాంశం ఇది: "టన్నుకు వందో రెండొందలో పెట్టి కార్బన్ క్రెడిట్లు కొనేయండి, మీ కంపెనీ కార్బన్ న్యూట్రల్ అయిపోతుంది. మెషీన్లు మార్చే ఖర్చు తప్పుతుంది. ప్రతి క్రెడిట్‌కూ సీరియల్ నంబర్ ఉంటుంది కాబట్టి మోసానికి చోటే లేదు. చెట్ల క్రెడిట్లయితే ఇంకా మేలు. యూరప్ బయ్యర్ అడిగినా అదే చూపించవచ్చు."

ఇందులో సీరియల్ నంబర్ ఉంటుందన్న ముక్క ఒక్కటే నిజం.

ముందు ఖర్చు సంగతి చూద్దాం, ఎక్కువ మంది పడిపోయేది అక్కడే. ఒక క్రెడిట్ అంటే ఎక్కడో ఎవరో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించారనో, గాలిలోంచి పీల్చారనో లెక్క. మీరు వదిలినన్ని టన్నులకు అలాంటివి కొంటే చెల్లుకు చెల్లు, అదే కార్బన్ న్యూట్రల్ అని మెసేజ్ ఉద్దేశం. మీ ఫ్యాక్టరీ నుంచి వెళ్లేది దాంతో గ్రాము కూడా తగ్గదు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే దాదాపు 1,400 యూనిట్లు వాడితే ఒక టన్ను. డీజిల్ జనరేటర్ అయితే 370 లీటర్లకే టన్ను. ఏడాదికి 10 లక్షల యూనిట్లు వాడే షెడ్డు ఉందనుకోండి. కరెంటు వల్ల 700 టన్నులు. టన్నుకు రెండొందల చొప్పున 1.4 లక్షలు కడితే పనైపోయిందని మెసేజ్ అంటుంది. అదే షెడ్డులో గాలిని ఒత్తి పైపుల్లోకి పంపే కంప్రెసర్లు లక్షన్నర యూనిట్లు తింటున్నాయనుకుందాం. మెయింటెనెన్స్ సరిగా లేని చోట తయారైన గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. కప్లింగుల దగ్గర సబ్బు నీళ్లు పూసి బుడగలు వచ్చిన చోటల్లా బిగించుకుంటే, 30 వేల యూనిట్ల దాకా మిగలవచ్చు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా 2.4 లక్షలు, ఏటా. పైగా 21 టన్నులు నిజంగా తగ్గినట్టు. క్రెడిట్ల మీద పెట్టిన డబ్బు మాత్రం వచ్చే ఏడాది మళ్లీ పెట్టాల్సిందే.

కంపెనీల లక్ష్యాలను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ నెట్ జీరో ప్రమాణంలో, దీర్ఘకాలంలో సొంత ఉద్గారాలను దాదాపు 90 శాతం తగ్గించుకోమంది. దగ్గరి ఏళ్లకు పెట్టుకున్న లక్ష్యాల లెక్కలో కొన్న క్రెడిట్లను కలపనివ్వదు. క్రెడిట్లు అదనంగా చేసే సాయమే తప్ప తగ్గింపుకు బదులు కావు.

ఇక సీరియల్ నంబర్. అదే క్రెడిట్‌ను ఇద్దరికి అమ్మకుండా చూసుకోవడానికి అది పనికొస్తుంది, అదీ క్రెడిట్ల ఖాతాలు రాసే రిజిస్ట్రీలో మీ పేరు మీద రిటైర్ చేయిస్తేనే, అంటే వాడేసినట్టు రాయించి మళ్లీ అమ్మకుండా మూసేయిస్తేనే. చేతికి ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్ ఇచ్చి రిటైర్ చేయని బ్రోకర్ దగ్గర మీరు కొన్నది ఏమీ లేదు. రిటైర్ చేసినా, ఆ టన్ను నిజంగా తగ్గిందా అన్నది నంబర్ చెప్పదు. 2023 జనవరిలో గార్డియన్, డీ త్సైట్ పత్రికలు, సోర్స్‌మెటీరియల్ అనే వార్తా సంస్థ కలిసి చేసిన పరిశోధన, వెర్రా సంస్థ ధ్రువీకరించిన వర్షారణ్యాల క్రెడిట్లలో 90 శాతానికి పైగా ఉత్తుత్తివే కావచ్చని తేల్చింది. వెర్రా ఒప్పుకోలేదు, లెక్క వేసిన పద్ధతే తప్పంది. పొగ తక్కువ వచ్చే పొయ్యిల క్రెడిట్ల మీద 2024లో అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీ పరిశోధకులు వేసిన లెక్కలో, వాళ్లు చూసిన ప్రాజెక్టులకు రావలసినదానికి 9 రెట్లకు పైగా క్రెడిట్లు ఇచ్చేశారు. ఈ ప్రాజెక్టులన్నిటికీ సీరియల్ నంబర్లు శుభ్రంగానే ఉన్నాయి.

మరి ఆ వందకు, రెండొందలకు దొరికేవి ఏమిటి? చాలావరకు పాత సోలార్, విండ్ ప్లాంట్ల క్రెడిట్లు, మన దేశానివీ వాటిలో బోలెడు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: క్రెడిట్ డబ్బు రాకపోయినా ఆ ప్లాంటు కట్టేవాళ్లేనా? కట్టేవాళ్లే అయితే మీ డబ్బుతో కొత్తగా తగ్గింది సున్నా. ఈ కారణంతోనే 2024 ఆగస్టులో, క్రెడిట్ల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే ఇంటెగ్రిటీ కౌన్సిల్, అప్పటికి వాడుకలో ఉన్న, సోలార్, విండ్ లాంటి పునరుత్పాదక విద్యుత్ క్రెడిట్లను లెక్కగట్టే పద్ధతులకు తన ముద్ర ఇవ్వలేదు. ఆ దెబ్బ తగిలినవి సుమారు 23.6 కోట్ల క్రెడిట్లు, మార్కెట్లో మూడో వంతుకు దగ్గర. చవకగా ఎందుకు దొరుకుతున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

"చెట్లయితే మేలు" అన్నది వినడానికి బాగుంటుంది. యాపిల్ కంపెనీ కూడా కొన్ని వాచీలను కార్బన్ న్యూట్రల్ అని అమ్మింది, పరాగ్వేలోని యూకలిప్టస్ తోటల క్రెడిట్లను కూడా లెక్కలో వేసుకుని. 2025 ఆగస్టులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఆ ప్రకటన వాడొద్దంది. తోటల్లో 75 శాతం భూమికి లీజు 2029తోనే ముగుస్తుంది, ఆ తర్వాత చెట్లు ఉంటాయన్న హామీ లేదు. కాల్చిన బొగ్గు తాలూకు కార్బన్ వందల ఏళ్లు గాలిలో ఉంటే, దానికి జమగా చూపించిన చెట్లను లీజు ముగియగానే కొట్టేయొచ్చు. అంత పెద్ద కంపెనీకే లీజు కాగితాలు అడ్డం తిరిగాయి మరి.

ఇంతమాత్రాన అంతా దొంగ వ్యాపారమని కొట్టిపారేసే వాళ్లూ ఉన్నారు. వాళ్లతోనూ పేచీ ఉంది. 2003 అక్టోబరులో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళలకు ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో తాను జరిపిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల వచ్చిన ఉద్గారాలకు బదులుగా, 147 టన్నులకు ఇచ్చిన సొమ్ము అది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో తగ్గేదాన్ని బట్టి ఆ లెక్క వేశారు. జరగబోయేదానికి ముందే డబ్బిచ్చేశారన్నది అందులో లోపం, ఇప్పటి మంచి ప్రమాణాల్లో తగ్గిందని తనిఖీ అయ్యాకే క్రెడిట్ ఇస్తారు. కానీ ఏ ఊరు, ఏ పని, ఏ ఉద్గారాలకు బదులు, ఎంత సొమ్ము ఎవరి చేతికి వెళ్లింది అన్నవన్నీ తేటగా ఉన్నాయి. మీ బ్రోకర్‌ను ఇదే అడగండి: ప్రాజెక్టు పేరేమిటి, ఏ సంవత్సరం క్రెడిట్, అక్కడి వాళ్లకు ఎంత ముడుతుంది? జవాబుకు నసిగితే లేచి వచ్చేయడమే.

యూరప్ బయ్యర్ మాట. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి వాటి మీద యూరోపియన్ యూనియన్ వేసే సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి మొదలైంది. అందులో స్వచ్ఛంద క్రెడిట్లకు పైసా మినహాయింపు లేదు. సరుకు తయారీలో వెలువడింది ఎంత అన్నదే లెక్క. క్రెడిట్లు కొన్నాం కాబట్టి ఈ వస్తువు వల్ల పర్యావరణానికి హాని లేదని అక్కడి వినియోగదారులకు చెప్పడం కూడా 2026 సెప్టెంబరు 27 నుంచి నిషేధం. ఇక్కడ కూడా ఆధారాలు చూపకుండా పచ్చ గొప్పలు చెప్పుకోవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది.

క్రెడిట్లు కొనాలనే ఉంటే కొనండి. ప్యాకెట్ మీద "కార్బన్ న్యూట్రల్" అని మాత్రం వేయించకండి. ఈ ఏడాది మా ఉద్గారాలు ఇన్ని టన్నులు, పోయినేడాది కన్నా ఇన్ని తగ్గించాం, ఇవి కాక ఫలానా ప్రాజెక్టు నుంచి ఇన్ని క్రెడిట్లు కొని రిటైర్ చేయించాం, రిజిస్ట్రీ లింకు ఇదిగో అని మూడు లైన్లు వెబ్‌సైట్‌లో పెడితే చాలు. మూడో లైను రాసే ముందు రెండో లైనులో అంకె ఉందో లేదో చూసుకోండి.