సవరణ: ‘లోన్’ క్రియ కూడా

ఇంగ్లీషులో ‘లెండ్’ అంటే అప్పు ఇవ్వడం, ‘బారో’ అంటే అప్పు తీసుకోవడం అని, ‘లోన్’ నామవాచకం మాత్రమేనని, దాన్ని క్రియగా వాడటం తప్పని మొన్న రాశాను. ఆ చివరి మాట నా తొందరపాటు. ‘లోన్’ను క్రియగా వాడటం శతాబ్దాల నాటిది. అమెరికాలో నేటికీ మామూలే. బ్రిటన్‌లో మాత్రం ‘లెండ్’కే మొగ్గు. అయితే సాయపడటం, చెవి ఒగ్గడం వంటి అర్థాల్లో ఎక్కడైనా ‘లెండ్’ మాత్రమే నప్పుతుంది.

‘బారో’ను అప్పుకే పరిమితం చేయడమూ పొరపాటే. మనకు డబ్బయితే అప్పు లేదా చేబదులు, పక్కింటి చక్కెరయితే బదులు, పెళ్లికి పెట్టుకునే నగయితే అరువు. పాపం, ఇంగ్లీషువాళ్లు వీటన్నిటినీ ఒక్క ‘బారో’తోనే నెట్టుకొస్తారు!

ఇక ఎవరింట్లోనైనా స్నానాలగది వాడుకోవాలంటే ‘బారో’ అనొచ్చని నేనిచ్చిన ఉదాహరణను కొట్టేసుకోండి. వెంట తీసుకుపోలేని వాటికి సాధారణంగా ‘యూజ్’ అనే అంటారు. గదిని పట్టుకుపోయి తిరిగి తెచ్చిచ్చేవారు ఎవరుంటారు?