ఫ్లోరోకార్బన్ దారానికి ముడి నిలవదన్న మాట నిజం కాదు

గాలం వేసేవారి మధ్య ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారం గురించి ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతూ వస్తోంది. అందులోని మాటలు దాదాపు ఇవే: "ఫ్లోరోకార్బన్ దారం ముడికి పనికిరాదు. గట్టి పదార్థం కాబట్టి ఎలా కట్టినా జారుతుంది, లేదంటే ముడి దగ్గరే తెగుతుంది. నీరు పీల్చదు కాబట్టి తడిపినా ప్రయోజనం లేదు. వాడక తప్పదంటే చుట్లు రెట్టింపు వేయండి, ఒక్క ఊపున బిగించండి, కొసను లైటరుతో కాల్చి ఉండ చేయండి, పైన ఒక జిగురు చుక్క వేయండి."

ఈ సలహా తన రుజువును తానే పుట్టించుకుంటుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. చెప్పినట్టే చుట్లు పెంచి, తడపకుండా, ఒక్క ఊపున బిగించినవారి ముడి తెగిపోతుంది. తెగింది కాబట్టి మొదటి వాక్యం నిజమేనని వారు నమ్ముతారు, మరొకరికి చెబుతారు. కొత్తగా గాలం పట్టినవారు మంచి దారాన్ని పక్కన పడేస్తారు. అందుకే ఇందులోని ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించాలి.

"గట్టి పదార్థం కాబట్టి ముడి నిలవదు" అన్నదాంట్లో గట్టిదన్న సంగతి నిజమే. గాలపు దారంగా వాడే ఫ్లోరోకార్బన్ రసాయన నామం పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్. ఫ్లోరోకార్బన్ బిరుసుగా ఉంటుంది, వంచి వదిలితే తిన్నగా కావాలని చూస్తుంది. నైలాన్ మెత్తనిది. ముడిలో నొక్కుకుపోయి, పక్క చుట్టుకు తగ్గట్టు కొద్దిగా సర్దుకుంటుంది. మనం అజాగ్రత్తగా కట్టినా సగం పని అదే చేసిపెడుతుంది. ఫ్లోరోకార్బన్ నుంచి ఆ సాయం అందదు, చుట్టు ఎక్కడ కూర్చోవాలో మన వేళ్లే చూసుకోవాలి. తేడా అంతవరకే. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో ఈ దారాన్ని తెచ్చింది. అప్పటి నుంచి లీడర్‌గా దీనికి పెద్ద వాడుక ఉంది. లీడర్ అంటే ఒక కొస రీలు నుంచి వచ్చే దారానికి, మరో కొస గాలానికి కట్టి ఉండే ముక్క, అంటే రెండు వైపులా ముళ్ల మీదే ఆధారపడేది. ముడి నిలవని పదార్థం అలాంటి చోట యాభై ఏళ్లకు పైగా కొనసాగదు.

"ముడి దగ్గరే తెగుతుంది" అన్నది రెండో ఆరోపణ. ఏ ఒంటిపోగు దారమైనా ఎక్కువసార్లు అక్కడే తెగుతుంది. ముడిలో వంపు తిరిగే చోట దారం బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నలుగుతుంది, పైనుంచి చుట్లు ఒత్తుతాయి. తిన్నని దారంతో పోలిస్తే అక్కడ బలం తగ్గక తప్పదు. నైలాన్‌కూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ముడి దగ్గర తెగడాన్ని దారం నాసిరకమనడానికి రుజువుగా తీసుకోలేం. ఎలా తెగిందన్నది చూడాలి. ఆ జవాబు చేతిలో మిగిలిన కొస మీదే కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే కత్తిరించి పారేసి కొత్త ముడి మొదలుపెడతారు.

ఆ కొసను వెలుతురుకు పట్టి చూడండి. చివర ఒకటి రెండు సెంటీమీటర్ల మేర సుడులు తిరిగి ఉంటే ముడి తెగలేదు, జారి విడిపోయింది. చుట్లు చాలక అయినా, సరిగా బిగియక అయినా, ముడి బయట కొసను మరీ పొట్టిగా కత్తిరించినందువల్ల అయినా ఇలా జరుగుతుంది. సుడులేవీ లేకుండా తుంచినట్టు ఉంటే ముడి లోపలే తెగింది. ఒక చుట్టు మరో చుట్టు మీదికెక్కి దాన్ని నలిపేసి ఉంటుంది. చివరి భాగం ముడతలు పడి, తెల్లబారి, గోరుతో తడిమితే గరుకుగా తగిలితే బిగించేటప్పుడు పుట్టిన రాపిడి వేడికి అది దెబ్బతింది. ఇక ముడికి జానెడు దూరంలో గీతలు పడి తెగిందంటే ముడికీ దానికీ సంబంధమే లేదు, నీటిలో ఏ రాయో గుల్లో కోసింది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, దిద్దుబాట్లు వేరు. జారిన ముడికి చేయవలసిన వైద్యం వేడికి దెబ్బతిన్న ముడికి చేస్తే నష్టం పెరుగుతుంది. "ముడి పట్టదు" అన్న ఒక్క మాట ఈ తేడాలన్నింటినీ కప్పేస్తోంది.

"నీరు పీల్చదు కాబట్టి తడిపినా ప్రయోజనం లేదు" అన్నది వీటన్నింటిలోకీ ప్రమాదకరమైన మాట, ఎందుకంటే అందులో మొదటి సగం నిజం. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, తడిస్తే కొంత బలం కోల్పోతుంది. ఫ్లోరోకార్బన్ దాదాపు ఏమీ పీల్చుకోదు, తడిగా ఉన్నా పొడిగా ఉన్నా దాని బలం ఇంచుమించు ఒకటే. కానీ ముడిని తడిపేది దారానికి నీరు పట్టించడానికి కాదు. బిగించేటప్పుడు చుట్లు అసలు దారం మీద, అంటే రీలు వైపు సాగే పోగు మీద, రాసుకుంటూ జారతాయి. తాడు అరచేతిలోంచి సర్రున జారితే చర్మం కాలినట్టే ఇక్కడ దారం పైపొర వేడెక్కుతుంది. ప్లాస్టిక్ వేడిని తొందరగా బయటికి పంపదు, అది రాసుకున్న చోటే నిలిచిపోతుంది. పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్ సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దారాలకు వాడే నైలాన్ 6 రకం 220 దాకా తట్టుకుంటుంది. పైగా నష్టం జరగడానికి కరగవలసిన అవసరమే లేదు. తయారీలో దారాన్ని సాగదీసినప్పుడు అణువుల గొలుసులు పొడవు వెంబడి ఒక వరుసలోకి వస్తాయి, దారం బలమంతా ఆ వరుసలోనే ఉంది. వేడి తగిలిన చోట ఆ వరుస చెదురుతుంది.

ముడి మీద ఉండే పలుచని నీటి పొర రాపిడిని తగ్గిస్తుంది, పుట్టిన వేడిని లాగేసుకుంటుంది. ఉమ్మి అయినా ఫరవాలేదు, మంచినీళ్లయినా ఫరవాలేదు. దారం నీరు పీల్చదన్న సంగతి నుంచి తేలవలసింది ఇంకొకటి ఉంది. నీరు దాని మీద నిలవకుండా జారిపోతుంది కాబట్టి ముందెప్పుడో తడిపి ఊరుకుంటే చాలదు. సరిగ్గా బిగించబోయే ముందు తడపాలి, మధ్యలో ఆరినట్టు అనిపిస్తే మళ్లీ తడపాలి.

"ఒక్క ఊపున బిగించండి" అన్న సలహాకు జవాబు ఇందులోనే వచ్చేసింది. వేగం పెరిగేకొద్దీ వేడి బయటికి పోవడానికి వ్యవధి ఉండదు. నెమ్మదిగా, ఆగకుండా, ఒకే తీరులో లాగాలి. గట్టిగా బిగించడం అవసరమే, నేను దాన్ని కాదనడం లేదు. సగం బిగిసిన ముడిని అలాగే నీటిలో వేస్తే, చేప లాగినప్పుడు మిగిలిన సగం అదే ఒక్క ఊపున బిగుస్తుంది, అప్పుడు తడిపే అవకాశం మనకు ఉండదు.

చుట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చుట్లు పెరిగితే పట్టు పెరుగుతుందన్నది వినడానికి బాగుంటుంది. అది ఒక మేరకే నిజం. ప్రతి చుట్టూ తన వంతు బరువు మోసినప్పుడే ముడికి బలం వస్తుంది. బిరుసు దారానికి పది చుట్లు వేస్తే అవన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా చేరవు. కొన్ని బిగుస్తాయి, కొన్ని వదులుగా ఉండిపోతాయి, కొన్ని పక్క చుట్టు మీదికెక్కుతాయి. బరువంతా బిగిసిన ఒకటి రెండింటి మీదే పడుతుంది. చుట్లు పెరిగినకొద్దీ రాసుకునే పొడవు కూడా పెరుగుతుంది. దారం తెగకుండా మోయగల బరువును పౌండ్లలో చెబుతారు. 8 పౌండ్లు, అంతకంటే సన్నని దారానికి ఐదారు చుట్లు, 10 నుంచి 15 పౌండ్ల దారానికి నాలుగైదు, 20 పౌండ్లు దాటితే మూడు నాలుగు చాలు. దారం లావెక్కేకొద్దీ చుట్లు తగ్గాలి. ప్రచారంలో ఉన్న సలహా దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడుస్తుంది.

ఫ్లోరోకార్బన్‌కు నేను ముందుగా నేర్పేది యూని ముడి. గాలం రంధ్రంలోంచి దారాన్ని జానెడు బయటికి లాగి, అసలు దారం పక్కనే పరచండి. కొసను గాలం వైపు వెనక్కి మడిచి ఒక ఉచ్చు చేయండి. ఆ ఉచ్చులోంచి కొసను దూరుస్తూ, జంటగా ఉన్న రెండు పోగుల చుట్టూ తగినన్ని చుట్లు తిప్పండి. ఇప్పుడు తడిపి, కొసను లాగి చుట్లను దగ్గరికి చేర్చండి. తప్పు జరిగేది ఈ దశలోనే. చాలామంది ఇక్కడే పూర్తిగా బిగించేసి, ఆ తర్వాత ఆ బిగుసుకున్న ముడిని బలవంతంగా గాలం దాకా జార్చుతారు. ఆ జారుడంతా దారం మీద గీకుడే. చుట్లు వరుసగా ఒదిగేంత వరకే లాగి ఆపాలి. మళ్లీ తడిపి, అసలు దారాన్ని నెమ్మదిగా లాగుతూ ముడిని రంధ్రం దగ్గరికి చేర్చాలి. చివరగా కొసనూ అసలు దారాన్నీ మార్చి మార్చి లాగి గట్టిపరచాలి. చుట్లు సమంగా పక్కపక్కన కనిపించకపోతే మొహమాటం లేకుండా కోసేసి మళ్లీ కట్టాలి. కొసను రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తే, పెద్ద బరువు పడినప్పుడు ముడి సర్దుకోవడానికి ఆ మాత్రం మిగులు సరిపోతుంది.

ముడి ఎంపిక కూడా ముఖ్యమే. నైలాన్‌కు అందరూ కట్టే ఇంప్రూవ్డ్ క్లించ్ ముడిలో చివరన కొసను ఇంకోసారి దూర్చే మెలిక ఉంటుంది. లావుపాటి ఫ్లోరోకార్బన్‌లో ఆ మెలిక సరిగా ఒదగదు. దారాన్ని జంటగా మడిచి రంధ్రంలో దూర్చి కట్టే పాలోమార్ మంచి ముడి, కాకపోతే రంధ్రంలోంచి వెళ్లే జంట పోగులు ఒకదానినొకటి దాటకుండా పక్కపక్కనే ఉండాలి. దాటితే బరువు పడ్డప్పుడు ఒకటి రెండోదాన్ని కోస్తుంది. సన్నని పోగులు అల్లి చేసిన అల్లిక దారానికి లావుపాటి లీడర్ కలపాలంటే ఎఫ్‌జీ ముడి నేర్చుకోవడం మేలు. అందులో లీడర్ వంగదు. అది తిన్నగా ఉంటుంది, మెత్తని అల్లిక దారమే దాని చుట్టూ అటూ ఇటూ పెనవేసుకుని పట్టుకుంటుంది. బిరుసు పదార్థాన్ని వంచవలసిన అవసరాన్నే తప్పించిన ముడి అది. చేయి తిరగడానికి సమయం పడుతుంది, అయినా ఆ శ్రమకు తగిన ఫలితం ఉంది.

కొసను లైటరుతో కాల్చమనడం మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. ముడికి రెండు మిల్లీమీటర్ల దూరంలో మంట పెడితే ఆ వేడి ముడికీ తగులుతుందన్నది ఒక సంగతి. అంతకంటే ముఖ్యమైనది మన ఒంటికి సంబంధించినది. ఈ పదార్థం మండినప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. కొస చిన్నదే కావచ్చు, వచ్చేది కొంచెమే కావచ్చు, కానీ ముఖానికి దగ్గరగా పట్టుకుని పదే పదే చేసే పని అది. మంటతో అవసరమే లేదు, పదునైన కత్తెర చాలు.

జిగురు వేయమనడం అంత ప్రమాదం కాదు, కానీ ఉపయోగమూ లేదు. ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌లకు జిగురు సరిగా అంటుకోదు. ఆరిన జిగురు ముడి మీద పెంకులా గడ్డకట్టి, లోపల చుట్లు ఎలా ఉన్నాయో కనబడకుండా చేస్తుంది.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు. అర మీటరు దారం తీసుకుని, ఒక చివర స్వివెల్‌కు (దారాలను కలిపే, తిరిగే చిన్న లోహపు కొలికికి) ప్రచారంలో ఉన్న పద్ధతిలో, అంటే పొడిగా, పది చుట్లతో, ఒక్క ఊపున ముడి కట్టండి. రెండో చివర మరో స్వివెల్‌కు అదే రకం ముడిని తడిపి, తగినన్ని చుట్లతో, నెమ్మదిగా కట్టండి. రెండు స్వివెళ్లనూ పటకార్లతో పట్టుకుని, ఏదో ఒకటి తెగేదాకా క్రమంగా లాగండి. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. తెగిన దారం విసురుగా వెనక్కి వస్తుంది, కాబట్టి గాలాలతో ఈ పరీక్ష చేయవద్దు. ఒక్కసారి తెగితే అది యాదృచ్ఛికం కావచ్చు, అందువల్ల కొత్త ముక్కలతో మళ్లీ మళ్లీ చేయండి, ఏ ముడి ముందు కట్టాలన్నది కూడా మార్చుతూ ఉండండి. తెగిన ప్రతిసారీ కొసను వెలుతురుకు పట్టి చూడండి.