శాలువా కప్పాం, చందా అడగలేదు

జూన్‌లో ఇక్కడ ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం పెట్టిన మూగజీవాల సంక్షేమ నడక మీద వాట్సాప్‌లో పెద్ద యుద్ధమే జరిగింది. అంతా మటన్ బిర్యానీ గురించే. కుక్కల కోసం నడిచి వచ్చి మేకను తినడమేమిటని ఒక వర్గం, మేక సంగతి మేకది, కుక్క సంగతి కుక్కది అని ఇంకో వర్గం. ఉగాది పచ్చడి గొడవ తర్వాత గ్రూపు ఇంతగా వేడెక్కడం మళ్లీ ఇప్పుడే. చివరికి అడ్మిన్ గారు గ్రూపుకు తాళం వేశారు. అందుకే ఈ నాలుగు మాటలు పత్రికకు రాస్తున్నాను.

బిర్యానీ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే, ఇప్పుడు ఆర్‌ఎస్‌పీసీఏ అంటున్న సంస్థను 1824లో లండన్‌లో ఒక కాఫీ హౌస్‌లో కూర్చుని మొదలుపెట్టిన పెద్దమనుషులకూ ఈ తగువు తప్పలేదు. వాళ్లలో లూయిస్ గాంపర్ట్జ్ అనే ఆయన మాంసం తినడు, పాలు తాగడు, గుర్రబ్బండి కూడా ఎక్కడు. మిగతావాళ్లకు అంత నిష్ఠ లేదు. కొన్నేళ్లకు ఆయన బయటికి వెళ్లి వేరే సంఘం పెట్టుకున్నాడు. (సంఘాలు చీలడం తెలుగువాళ్లకే చేతనవుననుకునేవాళ్లు గమనించగలరు.) తినేవాళ్లూ తిననివాళ్లూ కలిసి ఒక కుక్కకు టీకా వేయించడానికి అడ్డమేమీ లేదు.

నాకు గుచ్చుకున్నది బిర్యానీకి ముందు, వేదిక మీద జరిగింది.

మా పక్కింటి పెద్దావిడ గురించి చెప్పాలి. స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. పందేల్లో పరిగెత్తి పరిగెత్తి పనికిరాకుండా పోయిన ఒక గ్రేహౌండ్ కుక్కను తెచ్చి పెంచుకుంటున్నారు. కంచె దగ్గర నిలబడి మాట్లాడుతూ మన నడక సంగతి చెబితే, నేనూ వస్తానన్నారు. ఆ రోజు రెడింగ్‌లో థేమ్స్ ఒడ్డుకు కుక్కతో, చేతిలో ఒక అట్టతో వచ్చారు. అట్టకు స్పాన్సర్ల కాగితం, అంటే ఆవిడ నడిచే మైలుకు ఇంత అని చారిటీకి ఇస్తామన్నవాళ్ల జాబితా, క్లిప్పు పెట్టి ఉంది. పేరు, చిరునామా, మైలుకు ఎంత, చారిటీకి ప్రభుత్వం అదనంగా కలిపే గిఫ్ట్ ఎయిడ్‌కు టిక్కు. జుట్టు కత్తిరించే అమ్మాయి, మాంసం కొట్టు యజమాని, చర్చిలో పాడేవాళ్లు, మా వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్, అందరి సంతకాలూ ఉన్నాయి. ఒకాయన మైలుకు 20 పెన్నీలు రాశాడు. ఆయన్ని కూడా వదల్లేదావిడ.

"మీకెంతమంది స్పాన్సర్లు?" అని అడిగారు. నేను టికెట్ కొన్నానని చెప్పాను. టికెట్‌లో టీషర్టూ భోజనమూ ఉన్నాయని కూడా చెప్పాను. ఆవిడ మర్యాదస్థురాలు, వెంటనే వాతావరణం గురించి మాట్లాడారు.

మనవాళ్లు బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి, పక్కనున్న సానింగ్ ఊరి వైపు బయల్దేరారు. సగంమంది అక్కడి లాక్ (నదిలో పడవలు దాటే గేట్లు) దాకా వెళ్లకుండానే వెనక్కి తిరిగారు, భోజనాల వేళవుతోందని. ఆవిడ మాత్రం ప్రతి పొద దగ్గరా ఆగే ముసలి కుక్కతో పాటు ఆగుతూ చివరిదాకా వెళ్లి వచ్చారు. మైలుకింత అని సంతకం పెట్టించుకున్న మనిషి మధ్యలో తిరిగి రాలేదు కదా. వచ్చేసరికి హాల్లో సన్మానాలు నడుస్తున్నాయి. సంఘం కార్యక్రమానికి స్పాన్సర్లయినవాళ్లకు షీల్డులు, షీల్డులు ఇచ్చినవాళ్లకు శాలువాలు. మన అధ్యక్షులు మంచి మనసుతో ఆవిడనూ వేదిక మీదికి పిలిచి ఒక పట్టు శాలువా కప్పారు. కుక్కకు పూలదండ వేశారు, అది సగం దండ అక్కడే తినేసింది. ఆవిడ శాలువా అంచు పట్టుకుని చూసి, మైకులోనే అడిగారు: "చాలా అందంగా ఉంది. దీన్ని మా చర్చిలో రాఫిల్‌కు, అదే లాటరీకి, బహుమతిగా పెట్టొచ్చా? కుక్కలకు ఇంకొంచెం డబ్బు వస్తుంది."

హాలంతా నవ్వింది. అందులో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తర్వాత లెక్కలు చూశాను. టీషర్టులు, హాలు అద్దె, షీల్డులు, శాలువాలు, భోజనం పోగా మనందరం కలిసి మిగిల్చినదానికంటే ఆవిడ ఒక్కరే ఎక్కువ తెచ్చారు. అంకె ఇక్కడ వెయ్యను, కోశాధికారి గారు పాపం రాత్రింబవళ్లు కష్టపడ్డారు. పైగా ఆవిడ తెచ్చిన డబ్బుకు ఇంకో ఆకర్షణ ఉంది. పన్ను కట్టే మనిషి స్పాన్సర్‌గా ఇచ్చిన ప్రతి పౌండుకూ ఇక్కడి చారిటీకి ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు వస్తాయి. మన టికెట్ డబ్బుకు ఆ గిఫ్ట్ ఎయిడ్ రాదు. టీషర్టూ భోజనమూ కొనుక్కోవడాన్ని దానమంటే పన్నులవాళ్లు ఒప్పుకోరు, న్యాయమే.

మనం పిసినారులం కాదు. నాన్నగారి తిథికి గోశాలకు గోగ్రాసం కట్టేవాళ్లు మనలో ఎంతోమంది. మా నాయనమ్మ కుక్కకు ఒక ముద్ద పెట్టందే చెయ్యి కడుక్కునేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి వెళ్లాల్సిందే, ఒక్క చుక్క పారబోయనిచ్చేది కాదు. అదే వీధిలో దీపావళికి కుక్క తోకకు సీమటపాకాయల జడ కట్టే పిల్లలుండేవాళ్లు, అది చూసి నవ్వే పెద్దలూ ఉండేవాళ్లు. నాయనమ్మ వాళ్లను ఒక్క మాట అనేది కాదు. ఆవిడ ముద్ద ఆవిడది, ఆవిడ పుణ్యం ఆవిడది. పక్కింటివాళ్లను "మీరూ ఒక ముద్ద పెట్టండి" అని అడగడం ఆవిడకు తోచనే లేదు. మనకూ తోచడం లేదు. జేబులోంచి తీసి ఇచ్చేస్తాం, ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలంటే మాత్రం మొహమాటం అడ్డొస్తుంది.

అదీ ఎక్కడినుంచి వచ్చిందో! చవితి పందిరి కోసం రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, లారీలు ఆపి చందాలు వసూలు చేసిన పిల్లలే ఇవాళ ఈ కమిటీలో ఉన్నారు.

కుక్కల కోసం అడిగితే ఎవరిస్తారని కార్యవర్గంలో ఒకరన్నారు. ఊళ్లో పిల్లల్ని పీకేస్తున్నాయి, వాటికి మనం డబ్బు పంపాలా అని. ఆ మాట తీసిపారేసేది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపిన వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. సెలవులకు ఇంటికి వెళ్తే పిల్లల్ని సందులోకి పంపడానికి నాకూ టెన్షనే. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెల 22న ఆ ఉత్తర్వు సవరించింది: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ తప్ప. భయపడేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. మనుషులకు వచ్చే రేబిస్‌లో దాదాపు అంతా కుక్కకాటు వల్లే వస్తుంది. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే ఆ వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. అంటే కుక్క చెవి కొన కత్తిరించి గుర్తు పెట్టే ఆ ఆపరేషన్‌కూ టీకాకూ ఇచ్చే డబ్బు, మన చెల్లెలి పిల్లలకూ రక్ష. కుక్కంటే అసహ్యమున్నవాళ్లూ నిశ్చింతగా ఇవ్వచ్చు.

ఇస్తే ఎలా పంపుతారని ఇంకో ప్రశ్న. హైదరాబాద్‌లో అక్కినేని అమల గారు 1992లో మొదలుపెట్టిన జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో అలాంటిదే వీఎస్‌పీసీఏ ఉంది. కానీ సంఘం పేరుతో ఇక్కడ పోగైన డబ్బు విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే భారత విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత అది ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఈ చిక్కు లేదు, విదేశీ పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డువాళ్లకు ఉంది. (భారత, బ్రిటన్ పాస్‌పోర్టులు రెండూ ఇప్పుడు నీలం రంగే, కాబట్టి కవరు చూసి కాదు, లోపల చూసి తేల్చుకోండి.) ఏ సంస్థకు రిజిస్ట్రేషన్ నడుస్తోందో హోం శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక సాయంత్రం కూర్చుంటే అయ్యే పని.

కాబట్టి నా విన్నపం. వచ్చే ఏడాది టికెట్ వద్దు, టీషర్టు వద్దు, దయచేసి షీల్డులు అసలే వద్దు. నడవాలనుకునే ప్రతివారూ మన సంఘం బయటివాళ్లను పదిమందిని అడిగి కాగితం నింపుకుని రావాలి. ఆఫీసులో పక్క సీటాయన, పిల్లల ఫుట్‌బాల్ కోచ్, మూల కొట్టు ఆవిడ, ఎవరైనా సరే. లాక్ దాకా నడవాలి. వచ్చినదాంట్లో సగం గిఫ్ట్ ఎయిడ్‌తో సహా ఇక్కడి జంతువుల షెల్టర్‌కు, సగం మన ఊళ్ల కుక్కల టీకాలకు. బిర్యానీ ఎవరి ఖర్చు వాళ్లదే, మటనో గుత్తి వంకాయో వాళ్లిష్టం.

సర్వసభ్య సమావేశంలో ఇది తీర్మానంగా పెడుతున్నాను. నియమావళి ప్రకారం బలపరచడానికి ఇంకొక సభ్యుడో సభ్యురాలో కావాలి. గ్రూపు తాళం వేసి ఉంది కాబట్టి నాకు ఫోన్ చేయండి.