రిటైరైన జవాను సర్వేయర్ కావాలంటే

సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్లు చేసి పెన్షన్‌తో ఇంటికొచ్చేసరికి నలభై కూడా నిండవు. పిల్లలు ఇంకా స్కూల్లోనే ఉంటారు. మన ఊళ్లకు అలా తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఏ బ్యాంకు గేటు దగ్గరో సెక్యూరిటీ గార్డులుగా కుదురుకుంటారు. మ్యాపు చదవడం, దిక్సూచితో దారి పట్టడం తెలిసిన మనిషి అలా కుర్చీలో కూర్చుని ఉంటే నాకు బాధేస్తుంది.

భూమి కొలవడం సైనికుడికి పరాయి పని కాదు. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద, దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన త్రికోణమితి సర్వేకు తొలి కొలత వేయించిన లాంబ్టన్ బ్రిటిష్ సైన్యాధికారే. ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, ఇప్పటికీ సర్వే పని నేర్చినవాళ్లు ఉన్నారు.

అయినా ఆర్మీ మ్యాపు వేరు, పొలం గట్టు వేరు. 1:50,000 స్కేలు మ్యాపు మీద అర మిల్లీమీటరు పెన్సిల్ గీత నేల మీద 25 మీటర్లు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న 200 గజాల ప్లాటు ఆ గీత కిందే మాయమైపోతుంది. పాత సర్వే గొలుసులో ఒక్క లింకు 7.92 అంగుళాలు. మన పల్లెల్లో అన్నదమ్ములు కోర్టుకెక్కేది అంత మేర కోసమే. ఉపగ్రహ సంకేతాలతో హద్దు కొలిచే రోవర్ పరికరం వాడటం కొన్ని వారాల్లో వస్తుంది. ఎఫ్ఎంబీ (సర్వే నంబరువారీ కొలతల పటాల పుస్తకం), తెలంగాణలో అయితే టిప్పన్ (పాత కొలతల పటం), సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణాల పాత రిజిస్టర్) చదవడం, సర్వే నంబరును ముక్కలు చేసిన సబ్‌డివిజన్ ఎక్కడ తప్పిందో పట్టుకోవడం మాత్రం అనుభవమున్న సర్వేయర్ వెంట తిరిగితేనే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి. అయినా విస్తీర్ణం తగ్గిందని రైతులు మొత్తుకున్నారు. యంత్రం ఎంత మంచిదైనా పాత రికార్డు తెలిసిన మనిషి పక్కనుండాల్సిందే.

ఇంకో మాట. మాజీ సైనికుడు సొంత ఊళ్లో గొలుసు పట్టకపోవడమే మంచిది. బాబాయి గట్టు, బావమరిది గట్టు కొలిచి ఇద్దరి చేతా మెప్పు పొందడం ఎవరి తరమూ కాదు. పక్క మండలానికి వెళ్తే, ఏ వర్గానికీ చెందని మిలిటరీ మనిషిగా అతని మాటకు విలువుంటుంది. హద్దు రాయి పాతేటప్పుడు ఆ నమ్మకమే సగం పని చేసిపెడుతుంది.

అసలు అడ్డంకి సర్టిఫికెట్. పదిహేనేళ్ల సర్వీసుకు డిగ్రీతో సమానమని ఇచ్చే కాగితం, సాంకేతిక చదువు అక్కర్లేని గ్రూప్-సి ఉద్యోగాలకే పనికొస్తుంది. భూమి రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టం వచ్చాక తెలంగాణ 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్ల కోసం దరఖాస్తులు పిలిచింది. ఇంటర్‌లో గణితమో, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మనో, సివిల్ డిప్లొమానో, బీటెక్కో ఉండాలంది. పదో తరగతితో సైన్యంలో చేరిన జవాను అక్కడే ఆగిపోతాడు. అందుకే పెన్షన్‌కు రెండు మూడేళ్ల ముందే ఓపెన్ ఇంటర్‌లో గణితం తీసుకుని పాసవమని అడిగినవాళ్లందరికీ చెబుతాను. లైసెన్స్ వచ్చినా నెల జీతం ఉండదు, చేసిన కొలతకే డబ్బు. మొదటి ఏడాది పెన్షనే ఇల్లు నడపాలి.

అగ్నివీరుల పరిస్థితి ఇంకా తొందరపెడుతోంది. నాలుగేళ్లయ్యాక 25 శాతానికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లలో చాలామంది పాతికేళ్ల వయసు అటూ ఇటుగానే బయటికొస్తారు. ఆర్టిలరీలో, ఇంజనీర్స్‌లో సర్వే పని చేసినవాళ్లకైనా రెండు రాష్ట్రాలూ ఆ చదువు అర్హతను సడలించాలి. శిక్షణ, పరీక్ష మాత్రం అందరితో సమానంగానే పెట్టాలి.